గొంతు మారిన బొమ్మ మన భాషను కాపాడునా?



వచ్చు ఆదివారము సాయంకాలము జరుగబోవు మన సంఘ సర్వసభ్య సమావేశమునకు ఒక తీర్మానము రానున్నది. మన భవనములో ఆదివారము ఉదయము జరుగుచున్న తెలుగు తరగతిని నిలిపివేసి, దానికి వెచ్చించుచున్న పైకమునకు మరికొంత చేర్చి, ఉత్సవములలో చలనచిత్రములు చూపుటకు ఒక పెద్ద తెరను, ధ్వని పరికరములను కొనవలెనని దాని సారాంశము. తీర్మానము తెచ్చినవారు మాకు మిత్రులు. కొందరు చుట్టములు కూడ. వారి సదుద్దేశమును మేము శంకింపము. కాని వారి వాదము తప్పనియు, అది నెగ్గినచో ఇరువది సంవత్సరములకు ఈ పత్రికను చదువగలవారు సోలాపురపు మన పేటలలో మిగులరనియు నమ్మి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

వారి వాదమును న్యాయముగా ఇచ్చట చెప్పవలెను. "తరగతికి వచ్చువారు తొమ్మండుగురు పిల్లలు. సినిమా వేసినచో వందలమంది వచ్చుదురు. తెలుగు చిత్రములు నేడు ప్రపంచమంతట ఆడుచున్నవి. 2023లో ఒక తెలుగు పాటకు ఆస్కారు బహుమానము కూడ వచ్చినది. పలకా బలపము చేయలేని పనిని తెర చేయుచున్నపుడు ఇంకను అ ఆ లు దిద్దించుట ఎందులకు?" అని వారందురు. వినుటకు ఇది ఇంపుగనే ఉన్నది. మేము కూడ నిన్న మొన్నటివరకు ఇంచుమించు ఇట్లే అనుకొనుచుంటిమి. మా కన్ను తెరచినది మా ఇంటిలోని ఒక చిన్న సంగతి.

పోయిన దీపావళి సెలవులలో మా తల్లిగారు, పదునొకండేండ్ల మా కుమారుడు టెలివిజను ముందు కూర్చుండి 'పుష్ప' అను చిత్రము చూచుచున్నారు. 2021 డిసెంబరులో విడుదలయిన తెలుగు చిత్రమది. శేషాచలపు అడవులలో ఎఱ్ఱచందనము దొంగరవాణా చేయువాని కథ. దాని మంచిచెడ్డల జోలికి మేము పోము. కథానాయకుడు మాట్లాడవలసినది చిత్తూరు సీమ యాస. కాని మా ఇంటిలో అతడు హిందీ మాట్లాడుచుండెను. ఆ గొంతు అల్లు అర్జునుది కాదు. శ్రేయస్ తల్పడే అను మరాఠీ నటుడు హిందీకి అరువిచ్చిన గొంతు. మా తల్లిగారికి తెలుగు వచ్చును, బజారు మరాఠీ వచ్చును. సినిమా హిందీ ఆ వడిలో వచ్చినపుడు అందదు. అందుచేత ఆమె మాటిమాటికి, "ఏమంటుండురా వాడు?" అని మనుమని అడుగుచుండెను. వాడు, "నాయినమ్మా, వాడు గుస్సా చేస్తుండు," "వాడు పోలీసోల్లను పాగల్ చేస్తుండు," అని తనకు వచ్చిన ముక్కలలో చెప్పుచుండెను. ఆమె కొంతసేపు విని, "వాడు తెలుగోడే కద! తెలుగోనికి తెలుగు రాకపాయెనా?" అని నవ్వెను.

తెలుగు నేలపై పుట్టిన కథ, తెలుగువారు వ్రాసిన మాటలు, తెలుగు నటుడు. చూచువారిద్దరు తెలుగువారు. అయినను నడుమ హిందీ నుండి తెలుగునకు ఒక దుబాసీ కావలసి వచ్చినది! మేము లేచి రిమోటు తీసికొని తెలుగు ధ్వనికి మార్చితిమి. మా తల్లిగారు కాళ్లు చాపుకొని హాయిగా కూర్చుండిరి. పది నిమిషములు గడువకముందే మా కుమారుడు, "నాయినా, ఇది సమఝ్ అయితలేదు, హిందీ పెట్టు," అనెను. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. సంఘ వేదికపై భాషాభిమానమును గూర్చి ఉపన్యసించు మా ఇంటిలోనే ఈ సంగతి జరిగినది. అందుచేత ఈ వ్యాసములో ఎవరినైన నిందించినచో ముందుగా మమ్మునే నిందించుకొనుచున్నామని పాఠకులు గ్రహింప ప్రార్థన.

ఇక అసలు విషయము. తెరపై బొమ్మ ఆడుట ఒకటి, దాని వెనుక గొంతు పలుకుట మరియొకటి. ఈ రెండును ఎప్పుడు కలిసినవో, ఎప్పుడు విడిపోయినవో తెలిసికొన్నచో, తెర మన భాషకు చేయగల మేలెంతయో తేలిపోవును.

మన పెద్దలెఱిగిన మొదటి తెర తోలుబొమ్మలాట తెర. తోలు, దీపము, తెల్లగుడ్డ, ఇవియే నాటి యంత్రము. బొమ్మకు గొంతు లేదు. తెర వెనుక నిలుచున్న మనిషి గొంతే దాని గొంతు. ఆ మనిషి ఎదుట కూర్చున్న ఊరిని బట్టి మాట మార్చును. నిద్రపోవు జనమును హాస్యముతో లేపును. కథ ప్రతి రాత్రి క్రొత్తగా పుట్టును.

పిదప కదలు బొమ్మ వచ్చినది. దాదాసాహెబు ఫాల్కే 1913లో 'రాజా హరిశ్చంద్ర' చూపినపుడు బొమ్మ కదలెను గాని పలుకలేదు. మాటలు అక్షరములై తెరపై కనబడి పోవుచుండెడివి. చదువురానివారికొరకు హాలులో ఒకడు నిలుచుండి వానిని స్థానిక భాషలో చదివి చెప్పుచుండెడివాడు. మా ఇంటిలో మా కుమారుడు చేసినది అదే ఉద్యోగము! నూఱేండ్లు ముందుకు పోయితిమని మురియుచున్న మనము మూగచిత్రముల హాలుకు మరల వచ్చి చేరితిమి.

1931లో బొంబాయిలో 'ఆలం ఆరా'తో బొమ్మకు మాట వచ్చినది. అదే సంవత్సరము అక్టోబరు 31న హెచ్.ఎం. రెడ్డిగారి 'కాళిదాస్' వచ్చినది. దీనిని మొదటి తమిళ టాకీ అందురు. అందులో కథానాయిక టి.పి. రాజలక్ష్మి తమిళము పలికినది, కథానాయకుడు తెలుగు పలికినాడు, ఎల్.వి. ప్రసాదుగారు హిందీ పలికినారు. ఎవరి నోట ఏ భాష ఉన్నదో ఆ భాషయే తెరపై వినబడెను. నోటిని మార్చు ఉపాయము నాటి యంత్రమునకు తెలియదు. ఆ రెడ్డిగారే తీసిన మొదటి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరి 6న విడుదలయినది. ఎచ్చటననుకొన్నారు? ఈ మహారాష్ట్రములోనే, బొంబాయిలో. సురభి నాటకసమాజమువారు ఆడుచుండిన నాటకమే దానికి ఆధారము. తెలుగు బొమ్మ తెలుగు మాట నేర్చిన మొదటి దినము మనమున్న నేలపైననే ఉదయించినదని మన పిల్లలలో ఎందఱికి తెలియును?

ఆ టాకీలో మాటయు బొమ్మయు పడుగు పేకల వలె ఒకే బట్టయై ఉండెను. ఇది అలంకారము కొరకు చెప్పుమాట కాదు. ఫిలిము అంచున సన్నని గీతగా ధ్వని అచ్చయి ఉండెడిది. దాని గుండా వెలుతురు పోయినపుడు ఆ వెలుతురులోని హెచ్చుతగ్గులే మాటగా మారి వినబడెడివి. బొమ్మ పట్టీకి అంచు వేరుగా ఉండదు గదా! బొమ్మ కావలెనన్నచో ఆ మాట వినియే తీరవలెను.

ఈ నేతను విప్పు విద్య డబ్బింగు. ఫిలిములోని చిన్న ఖండమును తీసి, రెండు కొసలు కలిపి వలయముగ చేసి, తెరపై అదే ఘట్టమును మరల మరల నడిపించుదురు. గొంతు అరువిచ్చువాడు బొమ్మ పెదవులను చూచుచు పలికి పలికి, మాట కుదిరినపుడు పట్టుకొందురు. పెదవులు మూసికొనిన చోట ప, బ, మ వంటి అక్షరము పడవలెను. నోరు తెరచిన చోట అచ్చు పడవలెను. అర్థము రెండవది, పెదవి మొదటిది. 1950లో ఒక హిందీ చిత్రపు తెలుగు రూపమయిన 'ఆహుతి'కి శ్రీశ్రీగారంతటి మహాకవి కలము పట్టి ఈ బందిఖానాలో మాటలు, పాటలు కూర్చినారు. తెలుగున డబ్బింగు చిత్రములకు అదియే నాంది. ఆ విద్యను మేము తక్కువ చేయము. కమల్‌హాసన్ చిత్రములకు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారు ఇచ్చిన తెలుగు గొంతు విని పెరిగినవారము. పరభాషా చిత్రమును తెలుగున వినిపించిన డబ్బింగు మన ఇంటికి వచ్చిన అతిథి. తెలుగు చిత్రమును తెలుగువానికే పరభాషలో వినిపించు డబ్బింగు మాత్రము మన ఇంటిలోనే మనలను అతిథులను చేయుచున్నది.

ఇప్పుడు మా బాల్యమును జ్ఞాపకము చేసికొందుము. గణేశోత్సవములలో మన పేటలో వీథికి అడ్డముగ తెల్లగుడ్డ కట్టి తెలుగు చిత్రము వేసెడివారు. గుడ్డకు ఇరువైపుల జనము. పిదప వీడియో క్యాసెట్టు వచ్చినది. ఇంటికి ఐదు రూపాయలు, పది రూపాయలు చందా వేసి అద్దెకు తెచ్చి రాత్రియంతయు చూచెడివారము. మగ్గము దింపి వచ్చిన తండ్రులు, బీడీలు చుట్టుచు తల్లులు, ఒడిలో పిల్లలు, అందఱు తెలుగే వినిరి. అందుచేత మనము భాషాభిమానులమని మనకు ఒక నమ్మకము కుదిరినది. 1877లో ఇచ్చట మొదటి నూలు మిల్లు వెలసిన నాటినుండి, అంతకుముందునుండి, నిజాము రాజ్యపు తెలంగాణ పల్లెలు విడిచి వచ్చిన మనము ఇన్ని తరములు తెలుగును నిలుపుకొంటిమని ఛాతీ విరుచుకొంటిమి.

ఇప్పుడు ఒక చేదు నిజము చెప్పవలెను. ఆ క్యాసెట్టులో ఉన్నది ఒక్క ధ్వనియే. తెలుగు చిత్రము కావలెనన్నచో తెలుగు వినక తప్పదు. మన పిల్లలకు తెలుగు వచ్చుటకు కారణములలో మన అభిమానము ఎంతయో, యంత్రపు అశక్తత అంత కలదు. యంత్రమునకు మరియొక గొంతు చేతకానంతకాలము మనము తెలుగువారముగ నిలిచితిమి. చేతనయిన మరునాడే మన పరీక్ష వచ్చినది. మొదటి ప్రశ్నకే తప్పితిమి.

నేడు చిత్రము ఫిలిముపై లేదు. అంకెలుగా మారి ఫోనులోనికి వచ్చుచున్నది. బొమ్మ ఒకటి, దాని వెంట తెలుగు, తమిళము, హిందీ, కన్నడము, మలయాళము, ఐదు గొంతులు వేర్వేరు త్రాళ్లుగా వేలాడుచుండును. ఏ త్రాటిని లాగినచో ఆ గొంతు పలుకును. "అయినచో మంచిదే గదా, ఎన్నుకొను స్వేచ్ఛ మనదే," అని మిత్రులందురు. ఎన్నుకొనుచున్నదెవరు? నిన్న ఏ భాషలో చూచితిమో నేడు ఆ భాషనే యంత్రము ముందుకు తెచ్చును. యూట్యూబులో తెలుగు చిత్రముల హిందీ రూపములు ఉచితముగా కుప్పలు పోసి ఉన్నవి. లక్షలమంది చూచినది మనకును చూపును. పిల్లవాడు ఒకసారి పొరబాటున నొక్కిన మీట వాని జీవితకాలపు భాషను నిర్ణయించుచున్నది. పెద్దవారము ప్రక్కనే కూర్చుండి, "పోనీ, సినిమా మనదే కదా," అని ఊరకుందుము.

యంత్రము ఇంతటితో ఆగలేదు. 2024 డిసెంబరులో యూట్యూబువారు మనిషి గొంతు అవసరము లేకయే, యంత్రమే మాటను విని, అనువదించి, వేరొక భాషలో పలుకు విద్యను వేలకొలది ప్రదర్శకులకు అందించినారు. ఆంగ్లము నుండి మార్చుటకు వారు మొదట ప్రకటించిన భాషలలో హిందీ ఉన్నది, తెలుగు లేదు. పెదవుల కదలికను సైతము దిద్ది, ఎన్నడు పలుకని మాటను పలికినట్లే చూపు యంత్రములును పుట్టినవి. నేడు ఏ బొమ్మ నోటనైన ఏ భాషనైన పెట్టవచ్చును. అట్టి బొమ్మను మన భాషకు కావలివానిగా నిలుపుదమనుచున్నారు మన మిత్రులు!

"తెలుగు సినిమాకు ప్రపంచఖ్యాతి వచ్చినది కదా," అను మాటకు వత్తుము. 2022లో వచ్చిన 'ఆర్.ఆర్.ఆర్.' సంగతియే చూడుడు. ఆ సంవత్సరము మే నెలలో నెట్‌ఫ్లిక్సు దేశదేశముల వారికి చూపినది దాని హిందీ రూపమును. తెలుగు రూపము వేరొక సంస్థలో ఉండెను. విదేశములలో ఎందఱో ఇంటి తెరపై ఆ చిత్రమును చూచి, మెచ్చి, చప్పట్లు కొట్టినది హిందీ మాటలు వినుచునే. మరుసటి సంవత్సరము ఆస్కారు వేదికపై చంద్రబోసుగారి తెలుగు పాట తెలుగుననే పాడబడినది; అది మనకందఱికి గర్వకారణము. కాని బొమ్మకు వచ్చిన కీర్తియంతయు భాషకు వచ్చినదని లెక్క వ్రాసికొన్నచో అది దొంగలెక్క.

మేము తువ్వాళ్లు, చద్దరులు అమ్ముకొనువారము. ఈ సంగతి మా వ్యాపారములో మాకు తెలిసినదే. మన మగ్గములపై నేసిన తువ్వాలు సముద్రము దాటి పోవును. పోవునపుడు దాని అంచున కొనువాని పేరు గల చీటీ కుట్టుదురు. దూరదేశమున ఆ తువ్వాలుతో ముఖము తుడుచుకొనువానికి సోలాపురము పేరు తెలియదు. సరకు మనది, చీటీ పరులది. మాకు డబ్బు వచ్చును గనుక మేము ఫిర్యాదు చేయము. చిత్రనిర్మాతలును వ్యాపారులే, ఐదు భాషలలో అమ్ముకొందురు, వారిని మేము తప్పుపట్టము. కాని తువ్వాలు ఎగుమతి అయినంత మాత్రమున సోలాపురమునకు కీర్తి వచ్చినదని ఏ వ్యాపారియు భ్రమపడడు. ఈ పాటి లెక్క మన సంఘమునకు రాకూడదా?

ఇంతేకాదు. గొంతు మార్చబోవు చిత్రపు కథయే మారిపోవును. 1957 నాటి 'మాయాబజార్' చూడుడు. తమిళులకొరకు ఆ చిత్రమును వేరుగా తీసినారు. తెలుగులో అభిమన్యుడు నాగేశ్వరరావుగారు, తమిళములో జెమినీ గణేశన్. ఏ భాషకు ఆ భాషలో మాటలు కూర్చినారు. అందుచేతనే తెలుగున పింగళి నాగేంద్రరావుగారు భయము లేకుండ తెలుగుతో ఆడుకొన్నారు. 'అసమదీయులు', 'తసమదీయులు' అని ఆయన పుట్టించిన మాటలు నేటికిని మన నోట నిలిచియున్నవి. 'తసమదీయులు' అను మాటను ఏ భాషలోనికి దింపగలరు? ఐదు భాషలకు ఒక్కసారి అమ్మవలసిన చిత్రమునకు మాటలు వ్రాయువాడు అట్టి మాట పుట్టించుటకు జంకును. సామెత వలదు, అది దాటదు. యాస వలదు, అది దాటదు. పద్యము వలదు, శ్లేష వలదు. దాటునవి ఏవి? చూపు, కత్తి, నిప్పు, పరుగు, పిడికిలి. అందుచేత మాటలు తగ్గి మోత హెచ్చుచున్నది. పలుకుబడిని చూపు కథ పోయి, బలమును చూపు కథ వచ్చుచున్నది. యాసను విడువక తీసిన 'పుష్ప' వంటి చిత్రమునకైన సరిహద్దు దాటునపుడు ఏమయినదో పైన చెప్పితిమి. చిత్తూరు మాట చిత్తూరులోనే దిగిపోయినది.

"సినిమా వలదందువా?" అని మమ్ము అడుగుదురు. వలదనము. తెరను ద్వేషించువారము కాము. మా ఇంటిలోను టెలివిజను కలదు, ఫోనులు కలవు. తెరను భాషకు బదులుగ కొనుటయే వలదనుచున్నాము. తరగతి నడువగా తెర వచ్చినచో మేలు. తరగతిని చంపి తెర వచ్చినచో కీడు. అక్షరము తెలిసిన పిల్లవాడు తెరపై తెలుగును వినును, చదువును. తెలియని పిల్లవాడు ఏ త్రాడు చేతికి దగ్గరగ ఉన్నదో దానినే లాగును.

"మరాఠీ అన్నము పెట్టును, హిందీ బజారు నడుపును, ఆంగ్లము ఉద్యోగమిచ్చును, తెలుగేమిచ్చును?" అని మరికొందఱందురు. ఈ నేల మనకు అన్నము పెట్టినది. మరాఠీని మన పిల్లలు చక్కగ నేర్వవలెను, నేర్చుచున్నారు. అందు మాకు ఆనందమే. కాని కూటి భాష వేరు, పొయ్యి దగ్గరి భాష వేరు. రెండును ఉండవచ్చునా? ఉండవచ్చునని చూపినవారు ఒకరున్నారు. వారెవరో చెప్పి ముగింతుము.

పైన తోలుబొమ్మలాటను తలచితిమి. అనంతపురపు సీమలో, ధర్మవరపు చుట్టుప్రక్కల, నిమ్మలకుంట వంటి ఊళ్లలో ఆ బొమ్మలాడించు కుటుంబములు కలవు. వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ గౌరవము లభించినది. ఆ కుటుంబములవారు తెర వెనుక నిలిచి ఆడునది, పాడునది తెలుగు. రామాయణ భారత కథలను తెలుగు పల్లెలకు తరతరములు వినిపించినది వారే. కాని ఇల్లు చేరి తల్లితో, బిడ్డలతో వారు మాట్లాడునది మరాఠీ మాండలికము! ఎన్నియో తరములకు పూర్వము మరాఠీ సీమనుండి తెలుగు నేలకు వచ్చినవారు వారు. తెలుగు సీమనుండి మరాఠీ నేలకు వచ్చినవారము మనము. అద్దములో మన బొమ్మయే వారు.

వారి తెర యావత్తు తెలుగు, కూడు తెలుగు, కీర్తి తెలుగు. అయినను ఇంటి మాట పోలేదు. కారణము? వారు దానిని తెరకు అప్పగింపలేదు గనుక. తెర వారికి వృత్తి. భాష వారికి ఇల్లు. మనమో, ఇంటిని విడిచి తెరకు అప్పగించి, తెర పరభాష మాట్లాడినపుడు అబ్బురపడుచున్నాము. చదువులు, భవనములు, పత్రికలు లేని ఆ కుటుంబములు చేయగలిగిన పని, సంఘము, పత్రిక, భవనము, బ్యాంకు ఖాతా గల మనము చేయలేమా?

అందుచేత మా సవరణ తీర్మానము ఇది.

మొదటిది: ఆదివారపు తరగతి నిలువవలెను. తొమ్మండుగురు కాదు, ఇద్దఱే వచ్చినను నిలువవలెను. మా కుమారుని పదవవానిగా చేర్చితిమి. మొదటి ఆదివారము వాడు ఏడ్చెను. మూడవ ఆదివారము 'అమ్మ' అని వ్రాసి వాని నాయినమ్మకు చూపెను. ఆమెకు చదువు రాదు. అయినను ఆ కాగితమును పెట్టెలో దాచుకొనెను.

రెండవది: ప్రతి సభ్యుడును తన ఇంటి టెలివిజనులో, ఫోనులో తెలుగు చిత్రమునకు తెలుగు ధ్వనిని పెట్టి, దానిని మార్చకుండ ఆరు నెలలు ఉంచవలెను. దీనికి కానీ ఖర్చు లేదు. ఒక్క మీట చాలును. పిల్లలు మొదట గొణుగుదురు. మందు మింగునపుడును గొణుగుదురు.

మూడవది: గొంతును బొమ్మనుండి విడదీసిన ఈ ఫోనుతోనే మన గొంతులను పట్టుకొందము. మన పేటలో ఎనుబదేండ్లు దాటిన వృద్ధులు ఇంకను ఉన్నారు. ఏ పల్లెనుండి ఏ దారిన వచ్చినారో, మిల్లు సైరను కూసిన దినములెట్టివో, బీడీ చాటల ముందు చెప్పుకొన్న కథలేవియో వారి నోటనే, వారి తెలంగాణపు యాసలోనే, బొమ్మతో సహా పట్టించి సంఘములో భద్రపరచవలెను. ఒక్కొక్క ఇంటి నుండి ఒక పెద్దది, ఒక పిల్లవాడు. పెద్దది చెప్పవలెను, పిల్లవాడు పట్టవలెను. ఆ గొంతుకు మరియొక గొంతు పెట్టు అధికారము ఏ యంత్రమునకు ఇయ్యవలదు.

నాలుగవది: ఈ మూడును ఒక సంవత్సరము నడచిన పిమ్మట పెద్ద తెర కొందము. చందాలో మొదటి ఐదు వేల రూపాయలు మేమే చెల్లింతుము. ఆ తెరపై మొదట చూపవలసినది ఏ నటుని చిత్రమును కాదు. మన వృద్ధుల మాటలను చూపవలెను.

ఈ ఇబ్బంది మన ఒక్క ఊరిది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము తమిళనాడులో సుమారు 42 లక్షలమంది, కర్ణాటకములో సుమారు 35 లక్షలమంది తెలుగు తమ మాతృభాషయని చెప్పినారు. అచ్చటి పిల్లలకు తెలుగు చిత్రము తమిళములో, కన్నడములో అందుచున్నది. బరంపురపు సోదరులకును ఈ పోరు తెలిసినదే. యానాములో వీథి భాషయు తెలుగే గనుక వారికి ఈ బాధ తక్కువ; వారి అదృష్టమునకు సంతసింతుము. మనకు వీథి లేదు, ఇల్లే కలదు. ఆ ఒక్క ఇంటిని కాపాడుకొనుట మన చేతిలోని పని.

సమావేశమునకు అందఱును రావలెను. మా మాట తప్పయినచో నిలిచి ఖండింపుడు. ఖండనను తెలుగుననే చేయుదురుగాక, మేము ఓడినను గెలిచినట్లే. రాలేనివారు తమ ఇంటిలోని పెద్దలను, ముఖ్యముగా నాయినమ్మలను, అమ్మమ్మలను పంపుడు. ఇంటి తెరపై మాట్లాడు తెలుగువానికి తెలుగు రాకపోయినదేమని అడుగు హక్కు అందఱికంటె వారికే కలదు.